బ్యాండు మాస్టరు దగ్గరి రెండో సంపుటం

అయినా సరే, నేను విన్నానన్న మాట ఏనాడూ కాదనలేదు. విన్నాను. అవతలి మనిషి పలికాడా, మాట తెగుతోందా, మూడు నిమిషాలయ్యాయా అని ఊరి నుంచి ఊరికి కలిపే ట్రంకు కాల్ మీద చెవి వేసి ఉంచడానికే సర్కారు నాకు జీతమిచ్చింది. విన్నదాన్ని విననట్టు కూర్చోవాలని కూడా శిక్షణలో చెప్పారు, అదీ నిజమే. ఆ రెండో సగమే నాకు చేతకాలేదు. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరో ఒకరు పుస్తకాల బీరువా ముందు నిలబడి "ఫోన్లో చాటుగా విని సంపాదించినవే కదా ఇవి" అని నవ్వుతారు. చాటుగా కాదు. బాహాటంగా, ఇద్దరు పెద్దమనుషుల సంభాషణ మధ్యలోకి దూరి, గొంతెత్తి అడిగి సంపాదించాను. రెండింటికీ చాలా తేడా ఉంది.

ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, పాలమూరులో ఫోనున్న ఇళ్ళు ఎన్నో, ఆ ఇళ్ళవాళ్ళు ఎప్పుడు పడుకుంటారో, ఎవరికి ఎవరితో మాటల్లేవో నాకు తెలిసినంతగా ఊరి పెద్దలకు కూడా తెలియదు. నాకప్పుడు ఇరవై ఒక్క ఏళ్ళు. హైదరాబాదులో పుట్టి పెరిగి, పాలమూరు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా వచ్చి పడి రెండేళ్ళు దాటింది. పట్నం పిల్లనన్న పొగరు కొంత, పుట్టుకతో వచ్చిన కోపం కొంత, రెండూ కలిసి నా గొంతులో ఉండేవి. నంబరు తప్పు చెప్పినవాళ్ళను కసిరేదాన్ని, నిదానంగా చెప్పినవాళ్ళను ఇంకా కసిరేదాన్ని. రోజుకు ఎనిమిది గంటలు చేతిలో ఫోనే. ఇంటికొచ్చాక కూడా చేతికి అలవాటు పోయేది కాదు. ఒకసారి నీళ్ళ చెంబు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని "నంబర్ ప్లీజ్" అన్నానని మా మేనత్త (నేను ఉంటున్నది ఆవిడ ఇంట్లోనే) వాడకట్టంతా చెప్పుకుని నవ్వింది. నేనా మాట అనలేదు. చెంబు ఎత్తిన మాట మాత్రం నిజం.

ఇక పుస్తకాల సంగతి. మా బాపు పట్నంలో పుస్తకాలకు జిల్దులు, అంటే అట్టలు, కట్టేవాడు. నవాబుల ఇళ్ళ నుంచి, దొరల ఇళ్ళ నుంచి పాత పుస్తకాలు బట్టలో చుట్టి పంపేవాళ్ళు. జాగీర్లు పోయిన ఏడు అట్లా వచ్చిన ఒక ఎర్ర తోలు పుస్తకం కోసం ఎవరూ తిరిగి రాలేదు. రాజులు తమ వీరులకు ఇచ్చిన సర్ బిరుదులు, సైనిక పతకాలు, వాటి నక్షత్రాలు, పట్టీలు, అన్నీ రంగుల బొమ్మలుగా అచ్చువేసిన ఇంగ్లీషు పుస్తకమది, మొదటి సంపుటం. అంచులకు బంగారు పూత. ప్రతి బొమ్మ మీదా ఉల్లిపొర లాంటి పల్చటి కాగితం. దాన్ని ఎత్తితే చిన్న చప్పుడయ్యేది, కింద పతకం నిజంగానే ఎవరో తీసి అక్కడ పెట్టి పోయినట్టు మెరిసేది. ఎనిమిదేళ్ళ పిల్లను, చేతులు కడుక్కుంటేనే ముట్టనిచ్చేవాడు బాపు. ఆ తర్వాత ఆదివారాలు ఫుట్‌పాత్‌ల మీద వెతికి అలాంటివే ఇంకో ఎనిమిది పోగుచేశాను. ఆడపిల్లకు ఈ కత్తుల పిచ్చి ఏమిటని అందరూ అడిగేవాళ్ళు. నాకు కత్తులతో పని లేదు. ఏ పతకం ఎవరు పెట్టుకోవచ్చో, పట్టీ కుడి భుజం మీదుగా రావాలో ఎడమ భుజం మీదుగానో, ఎవరి ముందు ఎవరు నడవాలో ఆ పుస్తకాల్లో ఖచ్చితంగా రాసి ఉండేది. లోకంలో ఎక్కడో ఒకచోట అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతున్నాయంటే నాలాంటి కోపిష్టిదానికి అంతకన్నా ఊరట ఏముంటుంది. మా మేనత్త మాత్రం "పతకాల బొమ్మలు కొనుడు బంద్ చేసి, పతకమున్న పిలగాన్ని చూస్కోరాదు" అనేది.

నాకు కావలసింది ఆ ఎర్ర పుస్తకం రెండో సంపుటం. పాలమూరు చుట్టూ సంస్థానాలు, గడీలు. అవి మూతపడి వాటి సామాను ఎక్కడెక్కడికో చెదిరిపోతున్న కాలం. కాల్స్ లేని మధ్యాహ్నాలు గద్వాల, వనపర్తి, నారాయణపేట ఎక్స్ఛేంజిలవాళ్ళను పలకరించి, మీ వైపు ఎవరైనా పాత పుస్తకాలు అమ్ముతున్నారా అని అడిగేదాన్ని. "పుస్తకాలు లేవక్కా, పులితోలున్నది, తల గూడ ఉన్నది, పంపాల్నా" అన్నాడు గద్వాల ఆపరేటరు. రెండేళ్ళు అడిగాను. పులితోలు తప్ప ఏమీ రాలేదు.

అట్లాంటి రోజుల్లో ఒకనాడు పొద్దున మా ఊరి రైసుమిల్లు సేటు గద్వాలకు ట్రంకు కాల్ చేశాడు. కూతురి పెళ్ళి. మగపెళ్ళివారు మర్నాడు సాయంత్రం రైల్లో దిగుతారు, స్టేషన్లోనే ఎదురుకోలు. బ్యాండు సంగతి వియ్యంకుడు అడిగినట్టున్నాడు. "బావా, ఫికర్ చెయ్యకు," అంటున్నాడు సేటు, "మా పాలమూరు బ్యాండును చూస్తె మీరు రైలు దిగుడు మరుస్తరు. ఒక్కొక్కని ఛాతి మీద ఒక్కొక్క బిరుదు. అంత పాత రాజుల పుస్తకం చూసి కుట్టించిన డ్రస్సులు. దొరల బొమ్మలున్న పుస్తకం, బంగారం అంచులు."

నేను ఆలోచించలేదు. ఆలోచించే అలవాటుంటే ఈ కథే లేదు.

"ఏ పుస్తకం అది? జిల్దు ఎర్రదా, నల్లదా?" అన్నాను.

గద్వాల వియ్యంకుడు మొదట తేరుకుని, "బావా, నీ గొంతు ఏమైంది" అన్నాడు.

"నడుమల ఎవలు మాట్లాడుతుండ్రు?" అన్నాడు సేటు.

"ఎక్స్ఛేంజి."

"నీకెందుకమ్మ జిల్దు?"

గడియారం చూసి "మూడు నిమిషాలయినయ్" అని తీగ పీకేశాను. (రెండున్నరే అయింది. ఆ అరనిమిషం గురించి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.) గంట తిరక్కుండా సేటు ఆఫీసుకు వచ్చి కూర్చున్నాడు, సూపర్వైజరు నాకొక మెమో ఇచ్చాడు. మెమో అందుకుంటూనే "సేటుగారూ, ఆ బ్యాండు మాస్టరు ఇల్లెక్కడ?" అని అడిగాను. పాపం, ఆ మనిషి నోరు తెరిచి మూసి, మళ్ళీ తెరిచి, "స్టేషన్ ఎనక గల్లీ" అని చెప్పేశాడు.

డ్యూటీ దిగి నేరుగా వెళ్ళాను. గల్లీలో అడుగుపెడుతూనే క్లారినెట్ వినిపించింది. బ్యాండు మాస్టరుకు యాభై ఏళ్ళుంటాయి. పొడుగు మనిషి, కోరమీసాలు. ఊళ్ళో అందరూ 'కర్నల్ సాబ్' అనేవాళ్ళు. ఒకప్పుడు ఒక సంస్థానం బ్యాండులో వాయించేవాడు. సంస్థానం పోయాక గడీ సామాను పంచిపెడుతూ నీకేం కావాలంటే, తన క్లారినెట్‌నూ, తమ డ్రస్సులు ఏ పుస్తకం చూసి కుట్టేవారో ఆ పుస్తకాన్నీ అడిగి తెచ్చుకున్నాడట. సొంత బ్యాండు పెట్టుకుని అప్పటికి పన్నెండేళ్ళు.

"ఫోను ఆఫీసు పిల్లవు నువ్వేనా? ఎర్రదా నల్లదా అన్నవంట," అన్నాడు నన్ను చూసి. సేటు నోట్లో ఆ మాట ఎంతసేపు ఆగుతుంది. "రా బిడ్డా, చూడు. ఎర్రదే."

ఆయన భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఆ మిషను చక్రానికి ఆనించి, దారపు ఉండలు పేజీల మధ్య గుర్తులుగా పెట్టి, నా రెండో సంపుటం. చేతులు కడుక్కుని వచ్చి మరీ ముట్టాను. బొమ్మలన్నీ ఉన్నాయి, రంగు ఒక్క చోట కూడా తగ్గలేదు. ఒకటే లోటు, బొమ్మల మీద ఉండాల్సిన పల్చటి కాగితాలు ఒక్కటీ లేవు. అవి ఏమయ్యాయని అడిగాను.

"గవ్వా? గవ్వే కావాలె మాకు," అంది ఆవిడ. పొర కాగితం మీద పెన్సిలుతో పతకం దించుకుని, దాన్ని నూనె డబ్బా రేకు మీద పరిచి, గీత వెంట కత్తిరిస్తుందట. రంగులకు మిఠాయి పొట్లాల తళుకు కాగితాలు. పన్నెండేళ్ళుగా పాలమూరు జిల్లా పెళ్ళిళ్ళలో తిరుగుతున్న ఐరోపా రాజుల పతకాలన్నీ ఈ చేతుల్లో తయారైనవే. గోడకు వరుసగా తగిలించిన కోట్ల మీద వాటిని చూశాను. బొమ్మలో ఎన్ని ముక్కులున్న నక్షత్రమో రేకులోనూ అన్ని ముక్కులే. అమ్ముతారా అని అడిగాను. మాస్టరు తల అడ్డంగా ఊపాడు. పుస్తకం నా వైపు తిప్పి, "నీకు ఇంగ్లీషు మంచిగ వస్తదా" అన్నాడు.

"ఫోను ఆఫీసుల ఇంకేం మాట్లాడ్త?"

"అయితె ఇను. గీ బొమ్మలు సక్కగున్నయని పెట్టుకున్నం గని, ఏది ఎవలకియ్యాలెనో, ఏది పెద్దదో ఏది చిన్నదో మాకు ఎర్క లేదు. సదివి చెప్పేటోడు దొర్కలే. మా వాళ్లను పిలుస్త, ఒక్కొక్కటి సదివి, ఎవనికి ఏది తగుతదో పద్ధతిగ చెప్పు. కుట్టుడయితె అయిపోయింది. సదివినంక పుస్తకం నువ్వే తీస్కపో."

పద్ధతి. ఆ మాట నా దగ్గర అనకూడదు.

అరగంటలో వాకిట్లో చాప పడింది, బ్యాండువాళ్ళు పదకొండు మంది వచ్చి కూర్చున్నారు. నేను మోడా మీద, ఒళ్ళో పుస్తకం. సర్ బిరుదులు ప్రదానం చేసే ఏ మహారాజూ అంత ధీమాగా కూర్చుని ఉండడు. పుస్తకంలో ప్రతి పతకానికీ ఒక ఘనకార్యం అడిగారు కాబట్టి నేనూ అడిగాను. మొదట లేచినవాడు మాస్టరు బామ్మర్ది, పెద్ద డోలు వాయించేవాడు. అతని కోటు మీది నక్షత్రం గురించి చదివి, "ఇది యుద్ధంల శత్రువు జెండా గుంజుకొచ్చినోళ్లకిస్తరు. నువ్వేం తెచ్చినవ్?" అన్నాను.

అతను ఆలోచించి, "జెండా తేలే. డోలు తెచ్చిన," అన్నాడు.

"ఎక్కడికెల్లి?"

"వాగులకెల్లి. పెండ్లి బండి నడి వాగుల ఒరిగింది. నెత్తి మీద పెట్టుకోని ఒడ్డెక్కిచ్చిన, సుక్క నీళ్లు పడలే తోలు మీద."

"మరి పెండ్లికొడుకు?"

"ఆయనకు ఈత వస్తదన్నరు."

"ఎవరన్నరు?"

"నేనే అన్న."

వాకిలంతా నవ్వులు. "పెండ్లికొడుకును ఎవలన్న దాటిస్తరక్కా, డోలు నానితె కొత్త తోలు ఎవలేస్తరు" అని అతను గట్టిగా వాదించాడు. నేను నక్షత్రం అతనికే ఖాయం చేశాను. తర్వాత తాళాల తాత. ముప్పై ఏళ్ళు ఒక్కరోజు కూడా తప్పకుండా కొలువు చేసినవాళ్ళ పతకం ఆయన కోటు మీద ఉంది. "నేను ఒకనాడు తప్పిన బిడ్డా, నా పెండ్లినాడు," అని ఆయనే విప్పడానికి చెయ్యి పెట్టాడు. మాస్టరు అడ్డుపడి, "యాడ తప్పినవ్? నీ పెండ్లికి నువ్వే తాళాలేసినవ్, అక్షింతలు పడ్డంక లేసి," అన్నాడు. తాతకు గుర్తు లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు సాక్ష్యం చెప్పారు. ఖాయం చేశాను. అట్లా పదకొండు మందివీ తేల్చాను. ఇద్దరివి మార్చాను, ఒకడికి పట్టీ ఎడమ నుంచి కుడికి తిప్పించాను. అందరూ నేను చెప్పినట్టే విన్నారు. ఆ ఒక్క సాయంత్రం లోకం నా పుస్తకం ప్రకారం నడిచింది.

చివర మాస్టరు నిలబడ్డాడు. తన కోటు తొడుక్కుని, మీసం సర్దుకుని, ఫొటోకు నిలబడ్డట్టు. ఆయన పతకం అన్నిటికన్నా అందమైనది. కోడిగుడ్డంత తెల్లటి బిళ్ళ, చుట్టూ ముత్యాల వరస, పైన నీలం రిబ్బను విల్లులా ముడివేసి ఉంది. నేను పేజీ తీశాను. మొదటి రెండు వాక్యాలు లోపల చదువుకున్నాను. అక్కడే ఆగాను.

అది ఆడవాళ్ళది. ఒక రాణి తన కొలువులోని స్త్రీల కోసం పెట్టిన బిరుదు. రిబ్బనుకు ముడి వెయ్యడం అన్నదే ఆడవాళ్ళ పతకానికి గుర్తు.

ఏదో ఒకటి చెప్పి పుస్తకం చంకన పెట్టుకుని వచ్చేయాల్సింది, నాకూ తెలుసు. అంతలో పెద్ద డోలు బామ్మర్ది పక్కవాడితో, "గీడికొచ్చి ఆగింది. పట్నమక్కకు పెద్ద ఇంగ్లీషు వస్తలేదు గావొచ్చు," అన్నాడు. అంతే. పైన చెప్పాను కదా, ఆలోచించే అలవాటు లేదని. ఒక్కొక్క మాటా విడదీసి ఇంగ్లీషులో చదివి, ఒక్కొక్క మాటా విడదీసి మన మాటలో చెప్పాను. ముడి గురించి కూడా చెప్పాను. రాణిగారి చెలికత్తెలు దాన్ని ఏ భుజం దగ్గర పెట్టుకోవాలో కూడా వదల్లేదు.

ముందు నవ్వింది ఆ బామ్మర్దే. "బావా, పన్నెండేండ్ల సంది గందుకేనా ముడి గంత సక్కగుంటది" అన్నాడు. తాత తప్ప అందరూ నవ్వారు. మాస్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు చేతనైన విద్య కాబట్టి నేనూ తిరిగి ఏదో అనేదాన్ని. ఆయన నెమ్మదిగా గుండీలు విప్పి, కోటు మడిచి, మిషను మీద పెట్టాడు. "మాట మాటే. పుస్తకం తీస్కపో బిడ్డా," అన్నాడు. తర్వాత వాళ్ళ వైపు తిరిగి, "రేపు ఎదురుకోలుకు మీరే పోండ్రి," అని లోపలికి వెళ్ళిపోయాడు.

అప్పుడు ఆగాయి నవ్వులు. ఆ బ్యాండులో పాట అంటే మాస్టరు క్లారినెట్టే. తక్కినదంతా దాని వెనక నడిచే చప్పుడు. మర్నాడు సాయంత్రం సేటు వియ్యంకుల ముందు ఆ క్లారినెట్ పలక్కపోతే పాలమూరులో ఆ బ్యాండును ఇంకెవరూ పిలవరు. పదకొండు ఇళ్ళ పొయ్యిలు ఆ ఒక్క మనిషి ఊపిరి మీద వెలుగుతున్నాయని, నేను రిక్షా ఎక్కుతుంటే తాళాల తాత ఏ విసుగూ లేకుండా చెప్పాడు. రెండేళ్ళుగా వెతికిన పుస్తకం నా ఒళ్ళో ఉంది. ఇల్లు చేరేదాకా దాన్ని తెరవలేదు. మా మేనత్త సంగతంతా విని, "సదువు నేర్పినోళ్లు నోరు మూస్కునుడు నేర్పలేదా మీ పట్నంల" అంది. ఆవిడ మీద అరిచాను. కాని ఆవిడ అన్నది నిజమని అరుస్తున్నప్పుడే తెలుసు.

మర్నాడు ఆదివారం, నాకు సెలవు. పొద్దున్నే పుస్తకం పట్టుకుని స్టేషను వెనక గల్లీకి వెళ్ళాను. మాస్టరు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. భార్య ఆయన కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, చేతిలో కత్తెర. బామ్మర్ది గడప దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు, నిన్నటి నోరు లేదు. నేను అంతవరకూ జీవితంలో ఎవరి దగ్గరా అనని మాట రాత్రంతా తయారు చేసుకుని వచ్చాను.

"మాస్టర్ సాబ్, నిన్న తప్పు చదివిన," అన్నాను.

ఆయన తిరగలేదు. "నిన్న తప్పు సదివినవా, ఇయ్యాల తప్పు చెప్తున్నవా?" అన్నాడు గోడతో.

నంబరు తప్పు చెప్పినవాళ్ళను ఎంతమందిని కసిరానో అందరూ గుర్తొచ్చారు. ఆయన భార్య కత్తెర కింద పెట్టి, "బిడ్డా, నిన్నటిదే మల్ల సదువు. ఉన్నది ఉన్నట్టు," అంది.

చదివాను.

"ఇచ్చేది ఎవలు? రాజా, రాణినా?"

"రాణి."

"రాజు అడ్డం చెప్పొచ్చునా?"

"రాజుకు సంబంధం లేదని రాసుంది. ఎవరికివ్వాలన్నది రాణి ఇష్టం."

"రాణి చేతులతోనే పెడ్తదా?"

"సొంత చేతులతోనే."

ఆవిడ కోటు ఎత్తి ఆ నీలం ముడిని బొటనవేలితో సాపు చేసింది. "ఆయన సింహం బొమ్మ కావాలన్నడు," అంది నాతో, వినవలసింది మంచం అయినా. "సింహం జూలు రేకుల కత్తిరిస్తె వేళ్లు తెగుతయ్. గీ ముడి నేనే ఏరిన, నేనే కుట్టిన, పన్నెండేండ్ల సంది ప్రతి పెండ్లికి నేనే తగిలిచ్చి తోలిస్తున్న. ఇష్టం నాది, చేతులు నావి. ఇంక లొల్లి ఏమున్నదో నువ్వే చెప్పు."

మంచం కిర్రుమంది. మాస్టరు సగం తిరిగి, "అయితె ఇప్పుడు నువ్వు రాణివా?" అన్నాడు.

"నేను గాకుంటె నువ్వు కర్నలువా?"

గడప దగ్గర బామ్మర్దికి నవ్వొచ్చి, నోట్లో తువాలు కుక్కుకున్నాడు. మాస్టరు అటు చూశాడు, ఇటు చూశాడు, నన్ను చూశాడు. నేను పుస్తకంలోకి చూస్తూ, "రాణి ఇచ్చిన తర్వాత విప్పే హక్కు పెట్టుకున్నోళ్లకు లేదని కూడా ఉంది," అన్నాను. (లేదు. ఆ వాక్యం నాది. ఆ పుస్తకంలో అంతకన్నా మంచి వాక్యం మాత్రం లేదు.) ఆయన లేచి కూర్చుని మీసం మీద చెయ్యి వేశాడు. "నీళ్లు తోడు," అన్నాడు భార్యతో.

"రాణి నీళ్లు తోడది," అందావిడ, మిషను వైపు తిరుగుతూ. ఆయనే చేద పట్టుకుని బావి దగ్గరికి వెళ్ళాడు.

అయిపోయిందనుకుని లేవబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "రేపు ఇంకో ఇంగ్లీషొచ్చిన పిల్ల వస్తది, మల్ల సదువుతది, మల్ల గిదే లొల్లి. గా పుస్తకంలనే రాయి, గీయనకు ఇచ్చినమని."

ఇక్కడ నేను తడబడ్డాను. అబద్ధం చెప్పేటప్పుడు కూడా అంత తడబడలేదు. జిల్దులు కట్టేవాడి కూతుర్ని నేను. పాత పుస్తకంలో పెన్సిలు గీత కనబడినా బాపు రొట్టెముక్కతో అరగంట రుద్ది చెరిపేవాడు. సిరా పెన్నుతో, బంగారు అంచు పుస్తకంలో, అన్నిటికన్నా అందమైన బొమ్మ కింద. ఆవిడ నా జాకెట్టుకు పెట్టుకున్న పెన్ను వైపే చూస్తోంది. మూత తీశాను. తెల్లగా విడిచిన అడుగు అంచు మీద తెలుగులో ఇట్లా రాశాను: "ఈ బిరుదు పాలమూరు బ్యాండు మాస్టరుగారికి ఆయన రాణి తన ఇష్టంతో, తన చేతులతో ఇచ్చినది. కాదనడానికి ఎవరికీ హక్కు లేదు." చదివి వినిపించాను. ఆవిడకు సంతకం రాదు. పెన్ను పాళీ మీద బొటనవేలు రుద్దుకుని, రాణీలాగే తాపీగా, నా అక్షరాల పక్కన ముద్ర వేసింది. "మాట మాటే, ఇంక నీ కాడనే భద్రంగ ఉంచు," అంది.

సాయంత్రం స్టేషన్లో నేనూ ఉన్నాను. మగపెళ్ళివారు పెట్టె దిగకముందే క్లారినెట్ లేచింది. ఎండ ఇంకా ఉంది, రేకు నక్షత్రాలన్నీ ధగధగమంటున్నాయి, పెద్ద డోలు బామ్మర్ది మొహం కాల్ మధ్యలో తెగిన లైనులా ఏ భావమూ లేకుండా ఉంది. మాస్టరు ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీ మీద నీలం ముడి లేచి పడుతోంది. గద్వాల వియ్యంకుడు నిజంగానే ఒక కాలు పెట్టెలో, ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయాడు. సేటు నన్ను చూసి మొహం తిప్పుకోబోయి, ఆ సంబరంలో మరిచిపోయి నవ్వాడు. నేను మెమో మరిచిపోయి నవ్వాను.

ఆ తర్వాత చాలా పుస్తకాలు కొన్నాను. బీరువా నిండింది. మొన్నొకాయన, పాత పుస్తకాలు కొనే పెద్ద వ్యాపారి, చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని వచ్చి రెండో సంపుటం తిరగేశాడు. ఒక్కో బొమ్మకూ ఆహా అంటూ వచ్చి ఆ పేజీ దగ్గర ఆగి పెదవి విరిచాడు. "సిరా, పైగా వేలిముద్ర. పుస్తకం పాడుచేశారమ్మా ఎవరో. మందు పెడితే పోతుంది, చెరిపించమంటారా?" అన్నాడు. నాకిప్పుడు మోకాళ్ళ నొప్పులున్నాయి, మనవలున్నారు, డాక్టరు కోపం తగ్గించుకోమన్నాడు. అయినా ఆయన్ను వీధి తలుపుదాకా సాగనంపిన గొంతు ఆ ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లదే. తలుపు వేసుకున్నాక, ఇది ఇంకా బతికే ఉందన్నమాట అని నాలో నేనే నవ్వుకున్నాను. రెండు సంపుటాల్లో, అన్ని దేశాల రాజులూ ఇచ్చిన అన్ని బిరుదుల్లో, ఇచ్చినవాళ్ళ చేతి గుర్తు కనబడేది ఆ ఒక్క పేజీలోనే. అది పాడైన పేజీ అని నా మొహం మీద చెప్పగలవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?